మెక్‌క్లాస్కీ ఎనిమిది పుస్తకాలు, స్నానాల తొట్టిలో బాతులు

మీ ప్రశ్న సారాంశం ఇది: "నేను బొమ్మలు వేస్తాను, కథలు రాస్తాను. నా కథకు నేనే బొమ్మలు వేసి పిల్లల పుస్తకం చేయాలని ఉంది. అమెరికన్ రచయిత, చిత్రకారుడు రాబర్ట్ మెక్‌క్లాస్కీ పుస్తకాలు చూడమని ఒకరు చెప్పారు. ఆయన సొంతంగా రాసి, బొమ్మలు వేసినవి మొత్తం ఎనిమిదేనట. వాటితోనే రెండుసార్లు కాల్డెకాట్ మెడల్ (అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు ఇచ్చే బహుమతి) ఎలా వచ్చింది? ఆయనకు ఆ స్టైల్ ఎక్కడ దొరికింది? నేను డిజిటల్‌లో గీస్తాను, ఒక నమూనా పేజీ పంపుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? నాకింకా నా స్టైల్ దొరకలేదు, అదే నా టెన్షన్."

చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. స్టైల్ కోసం వెతకడం మానేయండి. నేను ఇరవై ఏళ్లకు పైగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. మొదటి ఐదారేళ్లు నాకూ ఇదే దిగులు. అందులోంచి బయటపడటానికి నాకు బాగా పనికొచ్చింది మెక్‌క్లాస్కీ జీవితమే. అందుకే మీ ప్రశ్న చూడగానే వదిలిపెట్టలేకపోయాను. కొంచెం పొడుగు జవాబే, ఓపిగ్గా చదవండి.

ఆయన 1914లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, హామిల్టన్ అనే ఊళ్లో పుట్టారు. చిన్నప్పుడు బొమ్మల పిచ్చి కంటే సంగీతం పిచ్చి ఎక్కువ. పియానో, డ్రమ్స్, హార్మోనికా, ఏది దొరికితే అది. తర్వాత పాత మోటార్లు, గడియారాలు విప్పి ఏవేవో తయారు చేసే పిచ్చి పట్టుకుంది. హైస్కూల్లో ఉండగా బొమ్మల మీదికి మనసు మళ్లింది. 1932లో స్కాలర్‌షిప్ మీద బోస్టన్ వెళ్లి వెస్పర్ జార్జ్ ఆర్ట్ స్కూల్లో చేరారు. ఆ తర్వాత న్యూయార్క్ నేషనల్ అకాడమీ ఆఫ్ డిజైన్. ఇరవై ఏళ్ల వయసులోనే సొంత ఊరి మునిసిపల్ భవనానికి గోడ శిల్పాలు చేసే పని దొరికింది. అంటే చేతిలో పనితనం మొదట్నుంచీ ఉంది. అయినా బొమ్మలు అమ్ముడుపోయేవి కావు. ప్రావిన్స్‌టౌన్‌లో వేసవుల్లో కూర్చుని వాటర్‌కలర్లు వేశారు, వాటితో జేబు నిండింది లేదు.

ఆ రోజుల్లో వైకింగ్ ప్రచురణ సంస్థలో పిల్లల పుస్తకాల విభాగాన్ని మే మాసీ అనే సంపాదకురాలు నడిపేవారు. మెక్‌క్లాస్కీ తన బొమ్మల కట్ట చంకలో పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లారు. ఆ కట్టలో ఉన్నవేంటో తెలుసా? డ్రాగన్లు, రెక్కల గుర్రాలు, మెలితిరిగిన చెట్లు, నిశ్చలమైన కొలనులు. గొప్ప కళ అంటే ఇలా ఉండాలని ఆయన అనుకున్నవన్నీ అందులో ఉన్నాయి, ఆయన చూసినది ఒక్కటీ లేదు. మాసీ అవన్నీ పక్కన పెట్టమన్నారు. ఒహాయో గురించి, ఆయన పుట్టిపెరిగిన ఊరి గురించి మాట్లాడారు. ముందు నీ చుట్టూ ఉన్నది చూసి గీయడం నేర్చుకో అన్నది ఆ మాటల సారం. ఆయన సొంత ఊరికి తిరిగి వెళ్లి, కళ్లెదుట కనిపించే మనుషుల్ని, వీధుల్ని గీశారు. అందులోంచి పుట్టింది 1940లో వచ్చిన మొదటి పుస్తకం, 'లెంటిల్'. పాట పాడటం రాని ఒక కుర్రాడు హార్మోనికా వాయించి ఊరికి ఎలా అక్కరకొచ్చాడన్నది కథ. ఆ కుర్రాడు ఎవరో, ఆ ఊరు ఏదో మీకిప్పుడు తెలిసిపోయి ఉంటుంది.

మీరు స్టైల్ అంటున్నది ఆయనకు ఇలా వచ్చింది. దాన్ని వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్లలేదు. డ్రాగన్లు పక్కన పెట్టి బొమ్మలోకి తన ఊరిని రానిచ్చారు. గీత తర్వాత తనంతట తనే కుదురుకుంది.

ఇక బాతుల సంగతి, అంటే 'మేక్ వే ఫర్ డక్లింగ్స్' పుస్తకం. ఆర్ట్ స్కూల్లో చదివేటప్పుడు బోస్టన్ పబ్లిక్ గార్డెన్ మీదుగా నడుస్తూ ఆయన రోజూ అక్కడి బాతుల్ని చూసేవారు. కొన్నేళ్ల తర్వాత ఒక కుడ్యచిత్రం పనిమీద మళ్లీ బోస్టన్ వచ్చినప్పుడు, ఆ బాతులు పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటుతూ ట్రాఫిక్ ఆపేస్తున్నాయన్న కబుర్లు చెవిన పడ్డాయి. కథ దొరికింది. మల్లార్డ్ జాతి బాతు దంపతులు గూడు కట్టడానికి చోటు వెతుకుతూ చార్లెస్ నదిలోని ఒక లంక మీద దిగుతాయి. ఎనిమిది పిల్లలు పుడతాయి. తల్లి వాటిని వరసగా నడిపించుకుంటూ ఊరి మధ్యలోంచి పబ్లిక్ గార్డెన్‌కి తీసుకెళుతుంది. మైకేల్ అనే పోలీసు దారి ఇప్పిస్తాడు. అంతే కథ. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

కానీ ఆ బాతుల్ని గీయడానికి ఆయన పడ్డ పాట్లు చూడండి. మొదట న్యూయార్క్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంకి వెళ్లి, గడ్డి కూరి నిలబెట్టిన బాతుల్ని గీసుకున్నారు. పక్షుల నిపుణుల్ని అడిగి ఈకల అమరిక, రెక్కల కదలిక తెలుసుకున్నారు. అదీ చాలలేదు. మార్కెట్‌కి వెళ్లి ప్రాణమున్న మల్లార్డ్ బాతుల్నే కొని, తను ఉంటున్న అపార్ట్‌మెంట్‌కి తెచ్చుకున్నారు. ఆ ఇంట్లో ఆయనతో పాటు మార్క్ సిమాంట్ అనే మరో చిత్రకారుడు ఉండేవారు. ఆ సిమాంట్‌కి కూడా 1957లో కాల్డెకాట్ వచ్చింది. బాతులు స్నానాల తొట్టిలో ఈదేవి, తెల్లవారకముందే అరుపులు మొదలుపెట్టేవి. మెక్‌క్లాస్కీ ఒక చేత్తో స్కెచ్‌బుక్, ఇంకో చేత్తో తుడిచే కాగితాలు పట్టుకుని, వారాల తరబడి మోకాళ్ల మీద వాటి వెనక ఇల్లంతా పాకారు. ఎగురుతున్న బాతు కింది నుంచి ఎలా కనిపిస్తుందో తెలియాలి కదా. ఒక బాతుని తువ్వాలులో చుట్టి, తల సోఫా అంచు బయటికి వచ్చేలా పడుకోబెట్టి, తను నేల మీద వెల్లకిలా పడుకుని గీసుకున్నారు. అవి మరీ హుషారుగా తిరిగి గీయనివ్వకపోతే కాస్త రెడ్ వైన్ పట్టించారు, దాంతో నిదానించాయి. (ఈ చివరి పని మనం చేయకూడదు. జంతువుల విషయంలో ఇప్పటి మన ఆలోచన వేరు, అలా ఉండటమే సరైనది.)

ఇదంతా దేనికి? బాతు బొమ్మ ఎవరైనా వేస్తారు. పుస్తకం తెరిచి ఆ ఎనిమిది పిల్లల వరస ఉన్న పేజీలు చూడండి. జాక్, కాక్, లాక్, మాక్ అంటూ అక్షరక్రమంలో వాటి పేర్లు. ఎనిమిదీ ఒకే జాతి, ఒకే వయసు, ఒకే సైజు. అయినా ఒకదాని తీరు ఇంకోదానికి లేదు. ఒకటి పక్కకి తిరుగుతుంది, ఒకటి వెనకబడుతుంది, ఒకటి ముందుదాన్ని ఆనుకుని నడుస్తుంది. పేరు చదవకుండానే పసివాడు వేలు పెట్టి "ఇది అల్లరిది" అంటాడు. ఊహించి గీసేవాళ్లం ఒక పిల్లని గీసి దాన్నే ఏడుసార్లు మళ్లీ వేస్తాం. బాతుల వెనక పాకినవాడి చెయ్యి అలా వేయలేదు, ఎందుకంటే ఏ రెండూ ఒకేలా నడవవని ఆ చేతికి తెలుసు.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. ఒక పుస్తకంలో మేకపిల్ల తల్లి దగ్గర పాలు తాగే బొమ్మ వేశాను. నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, మెడ చాచి, తోక కిందికి వేసి, ముచ్చటగా వచ్చిందనుకున్నాను. ఒక బళ్లో ఆ పుస్తకం చదివి వినిపిస్తుంటే రెండో తరగతి పాప లేచి, "పిల్ల పాలు తాగట్లేదండీ, వాసన చూస్తోంది" అంది. ఎందుకమ్మా అంటే, "తాగితే ముందుకాళ్లు వంచుతుంది, తోక గబగబా ఆడిస్తుంది" అని చేత్తో చేసి చూపించింది. వాళ్లింట్లో మేకలున్నాయి. నేను ఫోటోలు చూసి వేశాను, ఆ ఫోటోల్లో తోక కదలదు. ఆ రోజు నుంచి, కళ్లారా చూడని జంతువుని నేను గీయలేదు. పిల్లలకి కళ గురించి తెలియకపోవచ్చు. మేకపిల్ల గురించి మాత్రం మనకంటే బాగా తెలుసు.

'మేక్ వే ఫర్ డక్లింగ్స్' 1941లో వచ్చింది, 1942లో కాల్డెకాట్ మెడల్ అందుకుంది. ఆ మెడల్ గురించి రెండు ముక్కలు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1938 నుంచి ఏటా ఇస్తోంది. అంతకు ముందు ఏడాది అమెరికాలో వచ్చిన బొమ్మల పుస్తకాల్లో ఉత్తమమైనదానికి, అందులోని బొమ్మలు వేసిన వ్యక్తికి ఇస్తారు. ఎంపిక చేసేది పిల్లల గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు. అంటే రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకుని పుస్తకం చదివి, ఏ పేజీ దగ్గర పిల్ల ఊపిరి బిగబట్టిందో చూసినవాళ్లు. అందుకే నాకు ఆ మెడల్ మీద గౌరవం.

ఆ బాతుల పుస్తకంలో రంగులు లేవని గమనించారా? బొమ్మలూ అక్షరాలూ అంతా ఒకే గోధుమరంగు ఇంకు. జింకు పలకల మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి ముద్రించిన లిథోగ్రాఫ్‌లు అవి. పలక మీద పడ్డ గీతని పెన్సిల్ గీతలా చెరిపి సరిచేసుకోవడం కుదరదు. కాబట్టి అసలు ఆలోచనంతా ముందే, చిత్తు బొమ్మల్లోనే అయిపోవాలి. మీరు డిజిటల్‌లో గీస్తారని రాశారు. అన్‌డూ బటన్ ఉండటం తప్పేం కాదు. కానీ అన్‌డూ ఉందన్న ధైర్యంతో ఆలోచించకుండా గీత పెట్టే అలవాటు పిల్లల పుస్తకాన్ని పాడు చేస్తుంది. ఒక్క రంగుతో, చెరపడానికి వీల్లేదన్నట్టుగా ఒక నెల గీసి చూడండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం 1948లో వచ్చిన 'బ్లూబెరీస్ ఫర్ శాల్'. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే రాయడం, గీయడం ఒకే మనిషి చేస్తే ఏం వీలవుతుందో ఇందులో కనిపిస్తుంది.

శాల్ ఆయన పెద్ద కూతురు పేరు. కథలో శాల్, వాళ్లమ్మ బ్లూబెర్రీలు ఏరడానికి కొండకి వెళతారు. అదే కొండకి అవతలి వైపు నుంచి ఒక తల్లి ఎలుగుబంటి, దాని పిల్ల అవే పళ్లు తినడానికి వస్తాయి. పిల్లలిద్దరూ వెనకబడి, తల్లులు తారుమారవుతారు. ఎలుగుపిల్ల శాల్ వాళ్లమ్మ వెనక, శాల్ తల్లి ఎలుగు వెనక.

మొదట్లో శాల్ మూడు పళ్లు ఏరి తన చిన్న రేకు బకెట్లో వేస్తుంది. మూడు చప్పుళ్లు, ఒక్కో పండుకి ఒక్కో రకం. ఇంకో మూడు ఏరి తినేస్తుంది. కాసేపటికి బకెట్లోవి కూడా తీసుకుని తినేస్తుంది. ఆమె బకెట్ ఎప్పటికీ నిండదు, కాబట్టి పండు పడితే ఎప్పుడూ చప్పుడు వస్తుంది. కాసేపయ్యాక ఆమె ఒక పండు అమ్మ బకెట్లో వేస్తుంది. చప్పుడు రాదు. ఎందుకంటే అడుగంతా అప్పటికే పళ్లతో కప్పేసి ఉంది. పిల్లల్ని పెంచినవాడు, ఖాళీ గిన్నెలో పడే వస్తువు మోతని చెవి పెట్టి విన్నవాడు రాసిన మాట అది. మొదటిసారి చదివినప్పుడు ఇది ముద్దొచ్చే చిన్న వివరంలా మాత్రమే కనిపిస్తుంది. కథ చివర్లో అమ్మ కూతుర్ని వెతుక్కుంటూ వస్తుంటే, మూడు పళ్లు ఖాళీ రేకు బకెట్లో పడిన ఆ మూడు చప్పుళ్లే వినిపిస్తాయి. అలా దొరుకుతుంది పాప. మొదటి పేజీల్లో ఆటలా వేసిన చప్పుడు ఆఖర్న తల్లినీ బిడ్డనీ కలిపింది. కథలో ఒక్క వస్తువు కూడా వృథాగా పోలేదు.

ఇంకు కూడా చూడండి. ఈసారి గోధుమరంగు కాదు, ముదురు నీలం. బ్లూబెర్రీ రసంతో గీశారా అన్నట్టు ఉంటుంది. పుస్తకం మొత్తం అదొక్కటే రంగు. లోపలి అట్టల మీద తల్లీకూతుళ్లు వంటింట్లో ఆ పళ్లని సీసాల్లో నిల్వ చేస్తున్న బొమ్మ ఉంటుంది. కథ మొదలవకముందే ఆ ఇంటి లోపలికి వెళ్లిపోతాం. రంగు ఎంచుకోవడం ఆఖర్న చేసే అలంకరణ అనుకుంటారు చాలామంది. ఇక్కడ కథ ఏంటో రంగే చెప్పేస్తోంది. రచయిత వేరు, చిత్రకారుడు వేరు అయినప్పుడు ఇలాంటివి జరగవని కాదు, కానీ మాట్లాడుకోవాలి, ఒప్పించుకోవాలి. రెండూ తనే అయినవాడికి మాటతో చెప్పాల్సినదేదో, బొమ్మకి వదిలేయాల్సినదేదో పుట్టేటప్పుడే తెలుస్తుంది. తను బొమ్మల్లో ఆలోచిస్తానని, బొమ్మల మధ్య ఖాళీలను మాటలతో నింపుతానని, మొదటి పుస్తకం రాసిందే తను బొమ్మలు వేసుకోవడానికి ఒక కథ కావాలనని మెక్‌క్లాస్కీ చెప్పుకున్నారు. మీరు పంపిన నమూనా పేజీలో "పాప ఎర్ర గొడుగు పట్టుకుని వానలో పరిగెత్తింది" అని రాసి, పక్కన పాప ఎర్ర గొడుగు పట్టుకుని వానలో పరిగెత్తే బొమ్మ వేశారు. ఏదో ఒకటి తీసేయాలి. నేనైతే మాట తీసేస్తాను.

ఆయన కుటుంబం గురించి క్లుప్తంగా. భార్య పెగ్గీ. ఆమె తల్లి రూత్ సాయర్ పిల్లల రచయిత్రి, 1937లో న్యూబెరీ మెడల్ (పిల్లల సాహిత్యానికి అమెరికాలో ఇచ్చే బహుమతి) అందుకున్నారు. తర్వాత అత్తగారు రాసిన ఒక కథకు అల్లుడు బొమ్మలు వేస్తే, దానికి కాల్డెకాట్ ఆనర్ (మెడల్ తర్వాతి స్థాయి గుర్తింపు) దక్కింది. ఇద్దరు కూతుళ్లు, శాల్, జేన్. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన సైన్యంలో సార్జెంట్‌గా శిక్షణకు కావలసిన బొమ్మలు వేశారు. తర్వాత మెయిన్ రాష్ట్రంలో డీర్ ఐల్ దగ్గర ఒక చిన్న లంకలో ఇల్లు తీసుకున్నారు. అక్కడి నుంచి వచ్చినవే 'వన్ మార్నింగ్ ఇన్ మెయిన్', 'టైమ్ ఆఫ్ వండర్'.

1957లో వచ్చిన 'టైమ్ ఆఫ్ వండర్' ఆయన మొదటి పూర్తి రంగుల పుస్తకం. నీటిరంగులు. 1958లో దానికి రెండో కాల్డెకాట్ వచ్చింది. ఆ మెడల్ రెండుసార్లు అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. ఇందులో కథ అనదగ్గది పెద్దగా లేదు. లంకలో ఒక వేసవి, చివర్లో ఒక తుఫాను. "నువ్వు వింటావు, నువ్వు చూస్తావు" అన్న ధోరణిలో చదివే పిల్లతోనే మాట్లాడతారు. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో దుంగలోపల పురుగు తొలుస్తున్న చప్పుడు వినమంటారు. ఎండుటాకుల్ని తోసుకుని ఫెర్న్ మొలకలు పెరుగుతున్న చప్పుడు కూడా వినమంటారు. తుఫాను వెలిశాక కూలిన పెద్ద చెట్టు వేళ్ల కింద, ఎప్పుడో అక్కడ బతికిన ఆదివాసులు పారేసిన గుల్లల కుప్ప బయటపడుతుంది. ఆఖరి మాట ఒక ప్రశ్న: తుఫాను వచ్చినప్పుడు హమ్మింగ్ బర్డ్స్ ఎక్కడికి వెళతాయి? జవాబు ఇవ్వరు. అంత చిన్న పిట్ట గాలివానలో ఏమవుతుందన్న బెంగ ఏ పిల్లకైనా ఉంటుంది. ఆ బెంగని అబద్ధపు ఓదార్పుతో కప్పకుండా పిల్ల చేతిలో పెట్టారు. అందుకు నాకు ఆయనంటే భక్తి.

ఆ మెడల్ అందుకున్నప్పుడు చేసిన ప్రసంగంలో ఆయన తన గురించి కంటే ఎక్కువగా, బళ్లలో ప్రతి పిల్లకీ బొమ్మలు గీయడం, డిజైన్ నేర్పాలని మాట్లాడారు. అందరూ చిత్రకారులు అవ్వాలని కాదు. చుట్టూ కడుతున్న ఇళ్లనీ, రోడ్లనీ సరిగ్గా చూడగల కళ్లు కావాలని.

మరి ఎనిమిదే ఎందుకు? 1940లో లెంటిల్, 1963లో 'బర్ట్ డౌ, డీప్-వాటర్ మాన్'. ఇరవై మూడేళ్లలో ఎనిమిది, ఆ తర్వాత సొంత కథతో ఇంకో పుస్తకం లేదు. 2003లో పోయేవరకు నలభై ఏళ్లు. ఆ మధ్యలో ఇతరుల పుస్తకాలకు కొన్నిటికి బొమ్మలు వేశారు, తోలుబొమ్మల మీద, యంత్రాల మీద చిన్నప్పటి ఆ పిచ్చిని మళ్లీ కొనసాగించారు. దీన్ని చాలామంది వైఫల్యంలా చెప్తారు. నేను ఒప్పుకోను. ఎనిమిదిలో నాలుగు బొమ్మల పుస్తకాలకు కాల్డెకాట్ కమిటీ గౌరవం దక్కింది, రెండిటికి మెడల్, రెండిటికి ఆనర్. చెప్పాల్సింది ఉన్నప్పుడు చెప్పారు, లేనప్పుడు ఊరుకున్నారు. అలా ఊరుకోగలగడానికి ఆయన పాత పుస్తకాలు అమ్ముడవుతూనే ఉండటం కూడా కారణమే, అది మనలో చాలామందికి లేని వెసులుబాటు. ఏడాదికి నాలుగు పుస్తకాలు చేస్తే గానీ ఇల్లు గడవని చిత్రకారుల్ని ఆయనతో పోల్చి తక్కువ చేయకండి, మిమ్మల్ని మీరూ తక్కువ చేసుకోకండి. నేనూ ఏడాదికి నాలుగు చేస్తాను. కాకపోతే వాటిలో ఒక్కదానికైనా బాతుల వెనక పాకినంత టైమ్ ఇస్తాను.

1987లో శిల్పి నాన్సీ షోన్ చేసిన కంచు బాతులు, తల్లీ ఎనిమిది పిల్లలూ, బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌లో వరసగా నిలబడ్డాయి. 1991లో అలాంటివే మాస్కోకి కూడా వెళ్లాయి, అక్కడి పిల్లలకు అమెరికా కానుకగా. బోస్టన్‌లో పసిపిల్లలు ఎక్కి కూర్చుంటూ ఉంటే ఆ బాతుల వీపులు నునుపుదేలి మెరుస్తుంటాయి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కాబట్టి: 'బ్లూబెరీస్ ఫర్ శాల్' సంపాదించండి. మొదటిసారి అక్షరాల మీద తెల్ల కాగితం ముక్కలు కప్పి, బొమ్మలు మాత్రమే చూస్తూ పేజీలు తిప్పండి. రెండోసారి బొమ్మలు మూసి మాటలు పైకి చదవండి. ఏ పేజీలో ఏది లేకపోయినా పర్వాలేదనిపించిందో, ఏ పేజీలో రెండూ కావాలనిపించిందో పక్కన రాసుకోండి. తర్వాత మీ గొడుగు పాప కథని ముప్పై రెండు పేజీల చిన్న డమ్మీగా, అంటే చిత్తు నమూనా పుస్తకంగా మడిచి, అదే పరీక్ష పెట్టండి. వాన పడే రోజు చూసుకుని గొడుగుతో పరిగెత్తే పిల్లల్ని ఒక గంట గీయండి. గాలికి గొడుగు ఎటు లాగుతుందో, పిల్ల భుజం ఎటు వంగుతుందో చూడండి. ఆ స్కెచ్‌లు, డమ్మీ రెండూ ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.